కళింగ తీరాన తిమింగలాలు

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న ఢిల్లీలో, అశోకా రోడ్డున నిలిచి తిమింగలాల ప్రస్తావన తెస్తే వినేవారు నవ్వవచ్చు. అయినా ఆ వీధికి పేరిచ్చిన చక్రవర్తి నీటి జంతువులను మరచినవాడు కాడు. అదే నగరంలో, ఫిరోజ్ షా కోట్లా శిథిలాలపై నిలిచిన స్తంభం మీద, పట్టాభిషేకమైన 26 ఏళ్లకు ఆయన వేయించిన శాసనమొకటి ఉంది. చంపరాని ప్రాణుల జాబితా అది. అందులోని ‘గంగాపుపుటకం’ గంగానదిలోని డాల్ఫినే కావచ్చునని కొందరు పండితుల అభిప్రాయం. డాల్ఫిన్ చేప కాదు. పిల్లలకు పాలిచ్చే జంతువు, తిమింగలాల కుటుంబానిది.

అశోకుడు జయించిన కళింగంలోనిదే నేటి శ్రీకాకుళం తీరం. అక్కడి బంగాళాఖాతంలో పెద్ద తిమింగలాలే సంచరిస్తున్నాయి. వాటిని నీటిలో చూసినవారు తక్కువ. ఒడ్డుకు కొట్టుకువచ్చినప్పుడే ఊరంతా కదలివస్తుంది. పేరు విషయంలో పొరపాటు జరిగేదీ అప్పుడే.

2021 డిసెంబరులో విశాఖకు దక్షిణాన తంతడి ఒడ్డున ఒక భారీ ప్రాణి చిక్కుకుంది. మత్స్యకారులు, అటవీశాఖ సిబ్బంది కలిసి దానిని తిరిగి సముద్రంలోకి పంపగలిగారు. అది తిమింగల సొర. పేరులో తిమింగలం ఉన్నా, అది ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. ‘తిమి’ అనే మహామత్స్యాన్ని మింగేది తిమింగలమని మన నిఘంటువుల మాట. చేప కానిదానికి అట్లా చేపల కథ అంటుకుంది, చేపకేమో తిమింగలం పేరు దక్కింది!

తేడా తోకలో ఉంది. చేప తోక నిలువుగా ఉండి పక్కలకు ఆడుతుంది. తిమింగలం తోక అడ్డంగా పరచుకొని పైకీ కిందికీ కొట్టుకుంటుంది. తిమింగల సొర వీపుమీద తెల్లని చుక్కలు, మెడవద్ద మొప్పల చీలికలు ఉంటాయి. తిమింగలానికి మొప్పలు లేవు. నడినెత్తిన ముక్కురంధ్రం ఉంటుంది.

ఇది పండితుల కాలక్షేపం కాదు. చేపకు ఒడ్డున ఊపిరాడదు, దానిని త్వరగా నీటిలోకి చేర్చాలి. తిమింగలం గాలి పీల్చగలదు. కాని తన బరువే దాని ఊపిరితిత్తులను నొక్కివేస్తుంది, ఒళ్లు వేడెక్కుతుంది. ఒంటిని తడుపుతూ ఉండాలి. జాలిపడి నెత్తిన నీళ్లు గుమ్మరిస్తే అవి ముక్కురంధ్రంలోకి పోయి ప్రాణం తీయవచ్చు. తోక పట్టి లాగడమూ ప్రమాదమే. 2016 జనవరిలో తమిళనాడులోని తూత్తుకుడి తీరానికి 80కి పైగా పైలట్ తిమింగలాలు వచ్చిపడ్డాయి. జాలరులు పడవలతో లోపలికి చేర్చినా కొన్ని మళ్లీ ఒడ్డుకే వచ్చాయి. 1973 జనవరిలోనూ అదే తీరాన 147 వచ్చిపడ్డాయి.

2023 జులైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం ఒడ్డుకు చేరిన కళేబరాన్ని పత్రికలు నీలి తిమింగలమన్నాయి. పొడవు 25 అడుగులన్నాయి. నీలి తిమింగలం పుట్టినప్పుడే ఇంచుమించు అంత ఉంటుంది, పెరిగితే 80 అడుగులు దాటుతుంది. ఆ లెక్కన అది పసికందయి ఉండాలి. ఇటువంటివేళ తలపై గట్లు లెక్కించడం మంచిది: బ్రైడ్ తిమింగలానికి మూడు, నీలి తిమింగలానికి ఒక్కటే.

బతికున్న తిమింగలాన్ని చూడదలచినవారికి శ్రీలంక దక్షిణాగ్రాన మిరిస్సా ప్రసిద్ధం. అక్కడ తీరానికి దగ్గరలోనే సముద్రం అగాధమవుతుంది, కనుక అవి చేరువకు వస్తాయి. మన తీరంలోనైతే ఎత్తయిన కొండ, గాలిలేని ఉదయం, ఓపిక కావాలి. మొదట కనిపించేది ఒళ్లు కాదు, ఊపిరి. నీలి తిమింగలం ఆవిరి నిట్టనిలువుగా 30 అడుగుల దాకా లేస్తుంది. స్పెర్మ్ తిమింగలానిది ముందుకు, ఎడమవైపుకు వాలుతుంది. ఆ జంతువు మునిగిన చోట, అలల నడుమ నూనె పోసినట్లు ఒక నున్నని వలయం కొద్దిసేపు నిలిచి ఉంటుంది.