మహబూబ్ ఘాట్ మలుపుల కాడ

మాది హుస్నాబాద్. మా దిక్కు గుట్టలకేం కొదవ లేదు గనీ, రోడ్డు వాటిని ఎక్కదు, పక్క నుంచి తప్పించుకొని పోతది. అందుకే చిన్నప్పుడు ఆదిలాబాద్ పోతే నిర్మల్ దాటేదాక నిద్రపోకపోయేది. సోన్ దగ్గర గోదావరి దాటినంక కిటికీ సీటు కోసం చెల్లెతోని కొట్లాట.

నిర్మల్ దాటంగనే మహబూబ్ ఘాట్. సాత్మల గుట్టలు, రెండు దిక్కుల టేకు చెట్లు. బస్సు గేరు తగ్గించి మూలుగుకుంట ఎక్కుతుంటే, ఎదురుంగ దిగే లారీ బ్రేకుల కమురు వాసన కిటికీలకెల్లి కొట్టేది. పిట్టగోడ మీద కోతులు కూసొని, ఏ బస్సుల అరటిపండ్లున్నయో లెక్కగట్టేటియి. పేరు వింటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖానే యాదికొస్తడు.

అది అప్పట్ల 7వ నంబర్ జాతీయ రహదారి, వారణాసి నుంచి కన్యాకుమారి దాక. 2010ల నంబర్లు మార్చి 44 జేసిండ్రు. ఇప్పుడది శ్రీనగర్ కాడ మొదలైతది. మా నాయిన మాత్రం ఇంకా 'సెవెన్' అనే అంటడు, దిద్దితే కోపం.

నాలుగు లైన్ల రోడ్డు పడ్డంక పెద్ద బండ్లన్నీ అటే పోతున్నయి. మొన్న పనిగట్టుకొని పాత ఘాట్ మీదికెల్లి పోయిన. పావుగంట ఎక్కువ పట్టింది. కోతులు అట్లనే ఉన్నయి. అరటిపండ్లు కొనుక్కపోవుడు మాత్రం మర్శిపోయిన.