ఉప్పుగాలిలో బుల్లెట్టు

నెల్లూరు నుంచి తూర్పుగా మైపాడుకు పోయే దారి 25 కిలోమీటర్లకు మించదు. పట్టణం దాటగానే రెండువైపులా వరిమళ్ళు కనిపిస్తాయి. సముద్రం దగ్గరయ్యేకొద్దీ మళ్ళ స్థానాన్ని రొయ్యల గుంటలు ఆక్రమిస్తాయి. గుంటల్లో తిరిగే ఏరేటర్ల చప్పుడు వెనుకబడి బకింగ్‌హాం కాలువ దాటితే ఇక ఇసుక, సరుగుడు చెట్లు, కడలి ఘోష. కంటికి సముద్రం కనిపించకముందే ముఖానికి ఉప్పుగాలి తగులుతుంది. విహారానికి వచ్చినవారికి ఆ గాలి ఆహ్లాదకరం. ఇనుమునకు మాత్రం అది కనిపించని చెదపురుగు. ఈ తీరంలోని కిటికీ ఊచలనూ, గేటు గొళ్ళేలనూ, బోరింగు పిడులనూ ఒకసారి పరికించి చూస్తే ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

అటువంటి గాలిలో 1971 నాటి బుల్లెట్టు మోటారు సైకిలును నడుపుతూ కాపాడుకొంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు ఇందుకూరుపేట మండలంలో ఉన్నారు. ఊరివారందరికీ ఆయన అయ్యవారు. ఆదివారం తెల్లవారుజామున ఆ బండి శబ్దం వినిపించిందంటే అయ్యవారు సముద్రానికి బయలుదేరారని ఊరు గ్రహిస్తుంది. పాత మోటారు సైకిళ్ళను సేకరించి, తుడిచి, గదిలో నిలిపి చూసుకొని మురిసిపోయే అభిరుచి కొందరిది. ఆయనది ఆ కోవ కాదు. ఉన్నది ఒక్కటే బండి, అది నడవాలి.

ఆ బండి పుట్టుక కూడా సముద్రపు ఒడ్డునే కావడం ఒక విశేషం. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ రూపొందించిన బుల్లెట్టును 1950వ దశకం తొలినాళ్ళలో భారత సైన్యం సరిహద్దు గస్తీ కోసం ఎంపిక చేసుకొంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. మొదట ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలను ఇక్కడ కూర్చేవారు. 1962 నాటికి అన్ని భాగాలూ ఇక్కడే తయారు కాసాగాయి. కర్మాగారం నగరానికి ఉత్తరాన, తీరాన్ని ఆనుకొని ఉన్న తిరువొత్తియూరులో వెలసింది. 1970లో ఇంగ్లండులోని మాతృసంస్థ మూతపడింది; మద్రాసులోని బిడ్డ మాత్రం బ్రతికింది. 1977లో ఆ బండ్లే తిరిగి ఇంగ్లండుకు ఎగుమతి అయ్యాయి. పుట్టింటివారే మెట్టినింటి నుంచి సారె తెచ్చుకొన్నట్లయింది! అదే కాలంలో మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లకూ, రాజ్‌దూత్‌కూ ఈనాటికీ అభిమానులున్నారు. జావాలో కిక్కు కొట్టే కడ్డీయే వెనక్కి మడిస్తే గేరు కడ్డీ అయ్యేది. అయితే నెల్లూరు ప్రాంతపు రైతుకు మద్రాసు చేరువ. ఆయన మనసు బుల్లెట్టు మీదనే ఉండేది.

అయ్యవారి తండ్రి అటువంటి రైతు. 1971లో మద్రాసులో బండి కొని, సుమారు 175 కిలోమీటర్లు తానే నడుపుకొంటూ ఇల్లు చేరాడు. ఆ ఏడాది కార్తిక పౌర్ణమికి పదమూడేళ్ళ కొడుకును వెనుక కూర్చోబెట్టుకొని మైపాడుకు సముద్రస్నానానికి తీసుకొనిపోయాడు. తండ్రి నడుమును పట్టుకొని, తడిసిన బట్టలతో, చలికి వణుకుతూ తిరిగివచ్చిన ఆ ప్రయాణం అయ్యవారికి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లు ఉంటుంది.

2004లో తండ్రి కాలం చేశాడు. కొడుకుకు ఆ బండిని ముట్టుకోబుద్ధి కాలేదు. అమ్మబుద్ధి అసలే కాలేదు. శుభ్రంగా కడిగి, వసారాలో నిలిపి, మందమైన టార్పాలిన్ కప్పి తాళ్ళతో బిగించాడు. ఆరేళ్ళపాటు దానిని అలాగే ఉంచాడు. తండ్రి జ్ఞాపకాన్ని భద్రపరిచానని ఆయన నమ్మకం. 2010లో కప్పు తీసి చూసేసరికి చక్రాల రిమ్ములు పొరలు పొరలుగా రాలుతున్నాయి. పెట్రోలు ట్యాంకు అడుగున చిల్లులు పడ్డాయి. పిస్టన్ సిలిండరులో బిగుసుకొని పోయింది. నెల్లూరు నుంచి వచ్చిన వృద్ధ మెకానిక్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, టార్పాలిన్ వైపు చూసి, “అయ్యోరా, ఎండకూ వానకూ ఇడిచిపెట్టినా ఇంత చెడేది కాదు. ఈ కప్పే చంపింది దీన్ని” అన్నాడు. ఆ మాట అయ్యవారికి చివుక్కుమనిపించింది. ప్రేమతో చేసిన పని అది.

మెకానిక్ చెప్పినదానిలో అతిశయోక్తి లేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పురేణువు తనంతట తానే నీటిని పీల్చుకొని ద్రవంగా మారుతుంది. తీరంలో రాత్రివేళ తేమ తరచుగా ఆ హద్దు దాటుతుంది. కప్పు కింద గాలి ఆడదు కనుక చేరిన చెమ్మ పగలు కూడా ఆరదు. క్రోమియం పూత కంటికి అద్దంలా కనిపించినా దానిలో అతి సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. ఉప్పునీరు వాటిగుండా దిగి అడుగునున్న ఉక్కును పట్టుకొంటుంది. పైన మెరుపు అలాగే ఉండగా లోపల తుప్పు విస్తరిస్తుంది. అల్యూమినియం భాగాలలో బిగించిన ఉక్కు మరల సంగతి వేరు. రెండు లోహాలు తాకిన చోట ఉప్పునీరు చేరితే అది చిన్న విద్యుత్ ఘటమై అల్యూమినియంను తినివేస్తుంది. తెల్లని పొడి ఏర్పడి మర కదలకుండా బిగుసుకొంటుంది. బలవంతంగా తిప్పితే తల తెగుతుంది.

మరి బండిని నడిపితే చాలునా? అదీ కొంత చిక్కైన విషయమే. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీటికి సరిపడే ఆవిరి పుడుతుంది. సైలెన్సరు బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటకు పోతుంది. వీధి చివరి దాకా పోయి తిరిగివస్తే సైలెన్సరు వేడెక్కదు. నీరు లోపలే నిలిచి దానిని లోపలి నుంచి తొలుస్తుంది. కనుక బండి దూరం పోవాలి. దూరం పోవటానికి పడమర దిక్కున బుచ్చిరెడ్డిపాళెం వైపు మంచి దారి ఉంది. అటు ఉప్పు లేదు. ఇనుము మేలు మాత్రమే చూసుకొనేవారు అటే పోతారు. అయ్యవారు కూడా కొన్ని వారాలు అటు పోయి చూశారు. కాని తండ్రి బండి తండ్రి పోయిన దారిలో పోవాలని ఆయన కోరిక. అందుకే సముద్రానికి పోతారు. వచ్చిన వెంటనే మంచినీళ్ళతో బండిని కడుగుతారు. బిగువైన ధారతో కాదు, మగ్గుతో నెమ్మదిగా. పొడిగుడ్డతో ఒత్తి, ఇంజను వేడికే మిగిలిన తేమను ఆరనిచ్చి, చువ్వల మొదళ్ళకూ మరల తలలకూ నూనె గుడ్డతో తుడుస్తారు. మొత్తం మీద గంటన్నర పని. ప్రయాణం కంటే సేవకే ఎక్కువ సమయం పడుతుందని భార్య వేళాకోళం చేస్తుంది. ఆమె మాట నిజమే.

ఆ బండిని కదిలించడమే ఒక విద్య. 346 ఘనపు సెంటీమీటర్ల ఒకే సిలిండరు. పిస్టన్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, అది కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. పొడవైన ఆ కదలికలోనే దాని నింపాదైన నాదం ఉంది. దానిని బలంతో లొంగదీయాలని చూస్తే కిక్కరు ఎదురుతన్ని కాలి మడమను దెబ్బతీస్తుంది. తాళం తిప్పి కిక్కరును మెల్లగా అదుముతుంటే హెడ్‌లైటు మీది ఆమీటరు ముల్లు పక్కకు వాలి, తిరిగి మధ్యకు వస్తుంది. కాలికి గట్టి ప్రతిఘటన తగిలిన చోట ముల్లు మధ్యలో ఉంటే పిస్టన్ సరైన స్థితికి చేరువైందని అర్థం. అప్పుడు ఎడమచేతి దగ్గరి డీకంప్రెషన్ మీట నొక్కి, కిక్కరును రవ్వంత కిందికి జరిపి, మీట వదలి, కిక్కరును పైకి రానిచ్చి, పూర్తిగా ఒక్క తన్ను. ఇక గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. నేటి బండ్లకు అలవాటుపడినవారు ఎక్కితే ఆపబోయి గేరు మారుస్తారు! ఊరిలో ఎవరైనా బండి అడిగితే అయ్యవారు ఈ ఒక్క కారణం చెప్పి మర్యాదగా తప్పించుకొంటారు.

ఆ పాత పోతఇనుప ఇంజన్ల తయారీ 2010 ప్రాంతంలో ఆగిపోయింది. భాగాల కోసం చెన్నైలోని పుదుపేటకో, జనరల్ ప్యాటర్స్ రోడ్డుకో పోవాలి. భాగాలు ఎలాగో దొరుకుతాయి. వాటిని చెవితో, వేలికొసతో సరిచేయగల మనుషులు దొరకటమే అరుదు. వాల్వులను కదిలించే నిలువు కడ్డీలు వేళ్ళ మధ్య స్వేచ్ఛగా తిరగాలి, కాని పైకీ కిందికీ ఆడరాదు. ఆ బిగువు ఎంతో మాటల్లో చెప్పడానికి రాదు. మెకానిక్ కొడుకులు వేరే పనుల్లో కుదురుకొన్నారు. అతడు నేర్పేవాడే, నేర్చుకొనేవాడు లేడు. ఈ లోటు తుప్పు కంటే పెద్దది.

2021 నవంబరులో పెన్నా పొంగింది. పడుగుపాడు వద్ద రైలు కట్ట మీదుగా నీరు పారింది. జాతీయ రహదారి కోతకు గురైంది. అయ్యవారి ఇంట్లోకి కూడా నీరు వచ్చింది. పిల్లల పుస్తకాలూ, బియ్యం మూటలూ అటక మీదికి చేర్చేసరికి బండి సంగతి చూసే వ్యవధి లేకపోయింది. అది ఒక పగలూ ఒక రాత్రీ సీటు దాకా నీటిలో నిలిచింది. వరద తీసిన తరువాత ఒక బంధువు ఉత్సాహంగా కిక్కు కొట్టబోతే అయ్యవారు కేకవేసి ఆపారు. సిలిండరులో నీరుంటే అది నొక్కుడుపడదు. బలంగా కొడితే పిస్టన్‌ను మోసే కడ్డీ వంగిపోతుంది. మెకానిక్ వచ్చి ప్లగ్గు విప్పి, పాలలా మారిన ఆయిలును దించి, డీజిలు పోసి ఇంజనును చేత్తో తిప్పాడు. మొత్తం విప్పి కూర్చటానికి రెండు నెలలు పట్టింది. సిలిండరును తిరిగి బోరు చేయించి పెద్ద పిస్టన్ వేశారు. ఇప్పుడు ఆ బండిలో తండ్రి ముట్టుకొన్నవి ఎన్ని మిగిలాయని లెక్కిస్తే చాసిస్సు, ఇంజను పెట్టె, హ్యాండిలు, కొన్ని మరలు. ట్యాంకు కూడా మారినదే.

ఆ సంవత్సరమే జూలైలో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్ళు దాటిన వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. మూలరూపం మారని పాత వాహనాన్ని ‘వింటేజి’గా నమోదు చేయించుకొనవచ్చు. అందుకు 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ గడువు. కాని అలా నమోదైన వాహనాన్ని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతుకూ, ఇంధనం నింపుకోవటానికీ తప్ప నిత్యం రోడ్డు మీద తిప్పరాదు. పొగనూ భద్రతనూ తలచుకొంటే నిబంధనలో దోషం లేదు. పరీక్షకు బండి తీసుకొనిపోయినప్పుడల్లా బిక్కుబిక్కుమనే అయ్యవారికి గౌరవప్రదమైన ఆ పలక ఒక ఆకర్షణే. చాలా రోజులు ఆలోచించారు. చివరకు పాత నంబరుతోనే, అయిదేళ్ళకొకసారి పరీక్ష చేయించి పొడిగించుకొనే దారినే ఎంచుకొన్నారు. ఒకసారి కప్పు కప్పి చూసిన మనిషి ఆయన. ఏదో ఒక పరీక్షలో అధికారి కాదంటే బండి శాశ్వతంగా వసారాకే పరిమితమవుతుందని ఆయనకు తెలుసు.

కొత్త చిక్కు పెట్రోలుతో వచ్చింది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని ఆకర్షిస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. గొట్టాలు మార్పించి, బండిని వారాల తరబడి నిలపకుండా చూసుకోవటమే అయ్యవారి ఉపాయం. నడపటానికి మరొక సాకు దొరికింది!

ఇంటర్మీడియట్ చదివే మనుమరాలు సెలవులకు వచ్చినప్పుడు ఈ సేవలో చేరింది. ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండలేదు. గేర్ల బండి నడపటానికి లైసెన్సు రాదు. అందుచేత తాతగారు ఆమెకు స్పానరు ఇచ్చారు. మొదట నేర్పింది ప్లాటినం పాయింట్లు. వాటి మధ్య ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మసిపట్టిన పాయింట్లను ఉప్పుకాగితంతో సుతారంగా రుద్దాలి. పేరులో తప్ప ఆ కాగితంలో ఉప్పు లేదు. “తాతయ్యా, ఆమీటరు మా ఫిజిక్సు ప్రయోగశాలలో ఉంది గాని, దానితో ఇంజను లోపలి సంగతి చెప్పవచ్చని ఎవరూ చెప్పలేదు” అన్నది ఆమె. “మా నాయన చదవను కూడా నేర్వలేదమ్మా. ముల్లు చూసేవాడు” అన్నారు ఆయన.

గత కార్తిక పౌర్ణమి నాడు తెల్లవారకముందే బండిని వాకిట్లో సెంటరు స్టాండు మీద నిలిపారు. మనుమరాలు కిక్కరు మీద కాలు పెట్టి, ముల్లు వాలి తిరిగి మధ్యకు వచ్చేదాకా ఓపికగా అదిమింది. మీట నొక్కింది, వదిలింది. మొదటి తన్నుకు ఏమీ కాలేదు. రెండవసారి ఒక తుమ్ము. ఆయన సాయానికి ముందుకు రాబోయి ఆగారు. మూడవ తన్నుకు ఇంజను అందుకొంది. వసారాలోని పాత టార్పాలిన్ మీద పడుకొన్న పిల్లి లేచి పరుగెత్తింది.

అయ్యవారు హెల్మెట్టు బిగించుకొని బండి ఎక్కారు. మనుమరాలు వెనుక కూర్చోబోతూ ఏదో గుర్తుకు వచ్చి దిగి, బావి దగ్గరకు పోయి రెండు బక్కెట్లు మంచినీళ్ళు తోడి గోడవారగా పెట్టి వచ్చింది.