ఆషాఢం లేని అంగడి

మా ఊళ్లో తగ్గింపు ధరలంటే ఆషాఢమే. ముహూర్తాలుండవు, చీరల కొట్టు బోసిపోతుంది, షావుకారు ‘సగం ధరకే’ అని బ్యానరు కడతాడు. శ్రావణం రాగానే విప్పేస్తాడు. గిరాకీ లేనప్పుడు దించడం, ఉన్నప్పుడు బిగించడం. వ్యాపారమంటే ఇంతే అనుకునేవాణ్ణి.

నా నమ్మకాన్ని అమెరికాలో ఉన్న మేనల్లుడు చెడగొట్టాడు. “గేమ్ కన్సోల్ కొనాలంటే బ్లాక్ ఫ్రైడేకే మామయ్యా” అంటాడు. అంటే క్రిస్మస్‌కి నెల ముందు, జనం ఎలాగూ కొనే రోజుల్లో. చవితి పొద్దున్నే పత్రి సగం ధరకి అమ్మినట్టు!

కిటుకు తర్వాత తెలిసింది. కన్సోల్ సరుకు కాదు, గుమ్మం. దాని మీద మిగిలేది తక్కువ, ఒక్కోసారి నష్టం కూడా. లాభమంతా ఆపైన ఏళ్ల తరబడి కొనే గేముల్లో, కట్టే చందాల్లో ఉంది. ఏ పెట్టె ఇంట్లో చేరితే దానికి సరిపడే గేములే కొనాలి. కలిసి ఆడాలంటే పక్కింటి పిల్లాడికీ అదే కావాలి. అందుకే జనం వచ్చే రోజునే గుమ్మం బార్లా తెరుస్తారు.

2013 నవంబరులో మైక్రోసాఫ్ట్ తన కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్‌ని 499 డాలర్లకి తెచ్చింది. సోనీ ప్లేస్టేషన్ 4 ధర 399. మరుసటి ఏడు ఎక్స్‌బాక్స్ వెనకబడింది. జూన్‌లో కినెక్ట్ కెమెరా లేకుండా 399కి ఇచ్చారు. నవంబరులో పండగ పేరు చెప్పి 349 చేశారు. ఆ నెల అమెరికాలో అమ్మకాల్లో అదే ముందు. జనవరిలో మా షావుకారులాగే బ్యానరు విప్పి 399 అన్నారు. రెండు వారాలు తిరక్కుండా మళ్లీ 349! దిగిన ధర జనం నోళ్లలో నానిందంటే అదే అసలు ధర. పై యాభై జరిమానా. ఇంతా చేసి, ఆ తరం పందెం సోనీదే.

నింటెండో కథ ఇంకా ముచ్చటైంది. 2011 మార్చిలో అమెరికాలో 250 డాలర్లున్న 3డీఎస్ కన్సోల్‌ని ఆగస్టుకల్లా 170 చేసింది. ముందే కొన్నవాళ్ల కడుపుమంట చల్లారేలా ఇరవై పాత గేములు ఉచితంగా పంచింది. అధ్యక్షుడు సతోరు ఇవాటా తన జీతం సగానికి కోసుకున్నాడు. వైశాఖంలో నిండు ధర పోసిన పెళ్లివారిని ఆషాఢంలో పిలిచి జాకెట్టు ముక్కలిచ్చిన షావుకారుని మీరెక్కడైనా చూశారా?

మేనల్లుడు మాత్రం 2020లో 499 డాలర్లకి వచ్చిన ప్లేస్టేషన్ 5 పాతబడితే దిగుతుందని కాచుకు కూర్చున్నాడు. 2025 ఆగస్టులో అది 549 అయింది.

“ఇప్పుడేం చేస్తావురా?”

“బ్లాక్ ఫ్రైడే దాకా ఆగుతా మామయ్యా. యాభై తగ్గినా చాలు.”

యాభై తగ్గితే ఐదేళ్ల కిందటి ధర. వాడి గొంతులో మాత్రం పండగే. చీరల కొట్టు ముందు మా అత్తయ్య గొంతూ అచ్చం ఇలాగే ఉండేది.