కోతా? రంధ్రాలా? మా చిన్నాయన కాలేయం కథ

మా బెళుగుప్పలో ఆపరేషన్ అయినోళ్లను చూడటానికి వచ్చేవాళ్లు స్కాన్ రిపోర్టు అడగరు. ‘ఎన్ని కుట్లు పడినాయి?’ అని అడుగుతారు. కుట్లు ఎక్కువుంటే పెద్ద జబ్బు. రెండో మూడో అయితే ‘ఓస్, అంతేనా’ అని లేచిపోతారు. ఈ కుట్ల లెక్క ఎంతవరకు పనికొస్తుందో మా చిన్నాయన ఆపరేషన్ అప్పుడు తెలిసొచ్చింది.

చిన్నాయనది మెట్ట సేద్యం. బుడ్డలు వేస్తాడు, మధ్యలో కంది సాళ్లు. వాన పడితే పంట, లేకుంటే అప్పు. మొదట ఆయనకు పెద్దపేగులో క్యాన్సర్ వచ్చింది. బెంగళూరులో ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశారు, కీమో కూడా ఇచ్చారు. హమ్మయ్య అనుకునేలోపే స్కాన్‌లో కాలేయం మీద రెండు మచ్చలు కనపడ్డాయి.

‘పేగులో ఉండేది కాలేయానికి ఎట్లా పోయింది పాపా?’ అని అడిగాడు నన్ను. ఇంట్లో ఫోన్‌లో ఇంగ్లిష్ చదివి చెప్పే పని నాదే.

పేగుల నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర అనే పెద్ద రక్తనాళం గుండా ముందు కాలేయానికే పోతుంది. చెరువు కాలువ కింద మొదటి మడి ఉంటుంది కదా, అట్లన్నమాట. నీళ్లలో ఏం కొట్టుకొచ్చినా ముందు అక్కడే చేరుతుంది. అందుకే పెద్దపేగు క్యాన్సర్ పాకితే ఎక్కువగా కాలేయానికే పాకుతుంది. ఇందులో ధైర్యం చెప్పే మాట కూడా ఒకటుంది. మచ్చలు కొన్నే ఉండి, తీయడానికి వీలైన చోట ఉంటే, వాటిని కోసి తీసేయొచ్చు. కాలేయానికి మళ్లీ పెరిగే గుణం ఉంది. ఆరోగ్యంగా ఉండే కాలేయంలో మూడో వంతు మిగిలినా మనిషి బతకగలడు.

తీయాలని డాక్టర్లు తేల్చారు. ఎట్లా తీయాలనే దగ్గర మా ఇల్లు రెండుగా చీలింది.

చిన్నాయన కొడుకు కీహోల్ అంటాడు. ‘రంధ్రాలతో అయిపోతుంది, నాలుగు రోజుల్లో ఇంటికి రావచ్చు’ అని ఫోన్‌లో వీడియోలు చూపించాడు. చిన్నమ్మ ఒప్పుకోదు. ‘చిన్న రంధ్రంలో నుంచి అంతా తీస్తారని ఏం నమ్మకం? పొట్ట తెరిచి, చేత్తో తడిమి చూసి తీస్తేనే నాకు నిమ్మళం’ అంటుంది. ఇద్దరిదీ ప్రేమే, ఇద్దరిదీ భయమే.

అసలు తేడా ఏంటి?

ఓపెన్ ఆపరేషన్‌లో కుడివైపు పక్కటెముకల కింద పెద్ద కోత పెడతారు. కీహోల్‌లో సుమారు సెంటీమీటరు వెడల్పుండే రంధ్రాలు నాలుగైదు పెట్టి, కార్బన్ డయాక్సైడ్ నింపి పొట్టను ఉబ్బిస్తారు. ఒక రంధ్రంలో కెమెరా, మిగతావాటిలో పొడుగాటి పనిముట్లు. కోసిన ముక్కను లోపలే సంచిలో వేసి, ఇంకొంచెం పెద్ద కోత గుండా బయటికి లాగుతారు.

‘అంటే ఇది బోరు, అది బావి’ అన్నాడు చిన్నాయన. ‘బావిలో దిగి చూడొచ్చు. బోరులో పైకొచ్చే దుమ్ము చూసి అంచనా వేయాల్సిందే గదా?’

మంచి ప్రశ్నే. కీహోల్‌లో డాక్టరు చేత్తో తడిమే వీలు తక్కువ. ఆ లోటు తీర్చడానికి అల్ట్రాసౌండ్ పరికరాన్ని లోపలికి పంపి, నేరుగా కాలేయం మీదే ఆనించి చూస్తారు. కెమెరా లోపలి భాగాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. బోరుకు కళ్లు లేవు, దీనికి ఉన్నాయి.

మరి ఎక్కువ కాలం బతికేది ఏ పద్ధతిలో? చిన్నమ్మ అడగలేక అడిగిన ప్రశ్న ఇదే. నార్వేలోని ఓస్లోలో సరిగ్గా దీనిమీదే పరిశోధన చేశారు. పెద్దపేగు నుంచి కాలేయానికి పాకిన 280 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కీహోల్, ఇంకో గుంపుకు ఓపెన్ చేశారు. 2018లో మొదటి ఫలితాలు వచ్చాయి. నెలలోపు ఇబ్బందులు వచ్చినవాళ్లు కీహోల్‌లో 19 శాతం, ఓపెన్‌లో 31 శాతం. ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో ఉన్నది 53 గంటలు, 96 గంటలు. అంటే కోలుకోవడంలో కీహోల్‌దే పైచేయి.

ఆయుష్షు లెక్క 2021లో వచ్చింది. ఐదేళ్లు బతికినవాళ్లు కీహోల్‌లో 54 శాతం, ఓపెన్‌లో 55 శాతం. దాదాపు సమానం. రంధ్రాలతో తీస్తే ఏదో మిగిలిపోతుందన్న చిన్నమ్మ భయానికి, కోత పెడితే మనిషి ఎక్కువ కాలం ఉండడన్న తమ్ముడి భయానికి ఇదే జవాబు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. అది ఈ పనిలో చేయి తిరిగిన డాక్టర్లు ఒకే ఆసుపత్రిలో చేసిన పరిశోధన. అందులో ఎక్కువగా మచ్చ ఉన్నంత మేరకే తీసి, మిగతా కాలేయాన్ని కాపాడారు.

చివరికి తేల్చింది మేం కాదు, మచ్చలు. ఒకటి కాలేయం అంచున ఉంది. ఇంకోటి లోతుగా, పెద్ద సిరను ఆనుకొని ఉంది. ‘అంచున ఉండేదొక్కటే అయితే రంధ్రాలతో చేసేవాణ్ణి. రెండోది తీసేటప్పుడు రక్తం ఎక్కువ పోతే వెంటనే చేయి అందాలి. దీనికి ఓపెనే మేలు’ అన్నారు డాక్టరు సార్. ఆ మాటతో ఇంట్లో వాదన ఆగింది.

ఆపరేషన్ అయింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. దగ్గు వస్తే దిండు పొట్టకు అదుముకునేవాడు. పక్క మంచం మీద కదిరి వైపు ఆయన ఉండేవాడు. ఆయనకూ కాలేయమే, కీహోల్. నాలుగో రోజు నడుచుకుంటూ ఇంటికి పోయాడు. తమ్ముడు ఆయన్ని చూసిన చూపు నేను మర్చిపోలేను.

మూడు వారాలకు ఆయనే ఫోన్ చేశాడు. ‘మీ చిన్నాయనను చూస్తే కుళ్లుగా ఉండాది పాపా. ఆయనకు కోత కనపడతాది కాబట్టి పని చెప్పరు. నాకు నాలుగు చుక్కలే గదా, ఎరువు మూట ఎత్తమంటాండారు’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నాకు నవ్వు రాలేదు. పైన చర్మం మీద గాయం చిన్నదే. లోపల కాలేయానికి పడిన కోత ఇద్దరిదీ ఒకటే. నీరసం ఇద్దరిదీ. మళ్లీ వస్తుందేమోనన్న దిగులూ ఇద్దరిదీ. ఇట్లా తీసినవాళ్లలో సగానికి పైగా మందికి జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. అందుకే కుట్లు ఎండిపోయినా స్కాన్లు ఆగవు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ మాట వస్తే, ‘ఏది మంచిది?’ అని ఫోన్‌ను అడిగే ముందు డాక్టర్‌ను నాలుగు అడగండి. మచ్చలు ఎక్కడున్నాయి? తీశాక ఎంత కాలేయం మిగులుతుంది? మీరు ఈ ఆపరేషన్ రంధ్రాలతో ఎన్నిసార్లు చేశారు? మధ్యలో ఇబ్బంది వస్తే పొట్ట తెరుస్తారా? అట్లా తెరవడం ఓటమి కాదు, జాగ్రత్త. ఐదోది డబ్బు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకం మీకు చెప్పిన ఆపరేషన్‌కు, ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందో లేదో చేరకముందే కనుక్కోండి.

ఆ ఏడు విత్తనం చిన్నమ్మ, తమ్ముడు కలిసి వేశారు. చిన్నాయన గట్టు మీద కుర్చీ వేసుకొని సాళ్లు వంకర పోతున్నాయని అరుస్తూ ఉండేవాడు. ఇప్పుడు మళ్లీ చేలో దిగుతున్నాడు. ఈ నెలాఖరుకు స్కాన్ ఉంది, బస్సు టికెట్లు తీశాను.

‘ఆ పొద్దు పదును పడితే తేదీ మార్చుకోవచ్చునా పాపా?’ అని అడిగాడు నిన్న.

కుదరదని చెప్పాను.