నగర వీధులలో మా సైకిళ్ళు

విద్యార్థికి పుస్తకము ఎట్టిదో, మా వంటి వారికి సైకిలు అట్టిది. 1817లో జర్మనీ దేశీయుడు కార్ల్ ఫాన్ డ్రైస్ పెడళ్ళు లేని రెండు చక్రముల బండిని నడిపి లోకమునకు చూపెను. 1888లో డన్‌లప్ గాలి టైరునకు పేటెంటు పొందెను. నాటి నుండి పెట్రోలు అడుగక, పొగ విడువక, సామాన్యుని పనికిని చదువునకును చేర్చుచున్న వాహనము ఇది. అయినను మా కళాశాలకు సైకిలుపై వచ్చువారము నేడు ఇరువది మందిమి కూడ లేము. ఖర్చు కాదు, శ్రమ కాదు, భయమే అందుకు కారణము. ఆ భయమును గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము వచ్చునది పాత నగరపు దారి. ఫలక్‌నుమా, శాలిబండల వైపు నుండి బయలుదేరి, 1591 నాటి చార్మినారును ప్రక్కన ఉంచుకొని, పత్తర్‌గట్టి, మదీనా కూడలి, నయాపుల్ మీదుగా అఫ్జల్‌గంజ్ చేరుదుము. 1908 మూసీ వరదల పిమ్మట, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ వారు పత్తర్‌గట్టిలో రాతి కమానుల దుకాణములను తీర్చిదిద్దిరి. 1932లో నిజాం ప్రభుత్వ రైలు, రోడ్డు రవాణా శాఖ బస్సులు నడుపుట ప్రారంభించినప్పుడు వారికి ఉన్న బస్సులు 27 మాత్రమే. నేడు బస్సులు, కార్లు, ఆటోలు లెక్కకు మించినవి. వీధి మాత్రము ఆ రాతి కమానుల నడుమనే ఉన్నది. పెరుగుటకు దానికి చోటు లేదు.

కదలు వాహనము కంటె ఆగియున్న కారు మాకు అపాయకరమన్నచో కొందరు నవ్వవచ్చును. కదలు వాహనము చప్పుడు చేయును. ఆగిన కారు మౌనముగా ఉండి హఠాత్తుగా తలుపు తెరచును. మన దేశమున వాహనములు ఎడమ ప్రక్కన నడచును, డ్రైవరు కుడి వైపున కూర్చుండును. కావున రోడ్డు అంచున ఆపిన కారులో అతని తలుపు సరిగా మా దారిలోనికే తెరచుకొనును. తలుపు తగిలిన దెబ్బ ఒక ఎత్తు; దానిని తప్పించుకొనబోయి కుడికి మరలినచో, వెనుక వచ్చు బస్సు మరియొక ఎత్తు.

మాతో కలసి వచ్చు మిత్రుడొకడు గత సంవత్సరము ఇట్లే ఒక బట్టల దుకాణము ముందు పడిపోయెను. పరీక్షలకు మూడు వారములున్నవనగా కుడి మణికట్టు విరిగెను. తలుపు తెరచిన పెద్దమనిషి చెడ్డవాడు కాడు. తానే ఆసుపత్రికి తీసికొనిపోయెను. ఆయన చేసిన దోషమల్లా వెనుకకు చూడకపోవుటయే. కాని మిత్రుడు ఆ యేడు పరీక్ష వ్రాయలేదు. తోపుడు బండిపై పండ్లు అమ్ము అతని తండ్రి భయపడి సైకిలును అమ్మివేసినారు. ఇప్పుడు అతడు రెండు బస్సులు మారి వచ్చుచున్నాడు; మొదటి పీరియడు తరచుగా అందదు.

కావున మేము కొన్ని నియమములు పెట్టుకొన్నాము. ఆగిన కార్లకు ఒక తలుపు వెడల్పు, అనగా సుమారు ఒక మీటరు, దూరముగా పోవుదుము. రెండు కార్ల నడుమ ఖాళీలోనికి దూరి మరల బయటకు రాక, ఒకే గీతపై సాగుదుము. వెనుక అద్దములో లోపల తల కనబడినచో వేగము తగ్గించి బెల్లు కొట్టుదుము. కారు దిగువారికి మా ప్రార్థన ఒక్కటే: డ్రైవరు సీటు నుండి దిగునప్పుడు కుడిచేతితో గాక ఎడమచేతితో తలుపు తెరువుడు. అట్లు చేసినచో శరీరము దానంతట అదే తిరిగి, చూపు వెనుకకు పోవును. మన వలెనే ఎడమ ప్రక్కన నడచు బ్రిటన్‌లో 2022 జనవరి నుండి రహదారి నియమావళియే ఈ పద్ధతిని సూచించుచున్నది.

బస్సు సంగతి వేరు. దాని డ్రైవరు కుడి కొసన కూర్చుండును గనుక ఎడమ ప్రక్క అతనికి చాలవరకు గుడ్డిది. అద్దములో అతని ముఖము మనకు కనబడనిచో, మన ముఖమును అతనికి కనబడదు. బస్సు ఎడమకు మరలినప్పుడు వెనుక చక్రములు ముందు చక్రముల కంటె లోపలికి కోసుకొని వచ్చును. అందుచే బస్సునకును ఫుట్‌పాత్‌నకును నడుమ ఎన్నడును దూరరాదు. స్టాపులో బస్సు ఆగినచో వెనుకనే నిలుచుట మేలు. 2023 డిసెంబరు నుండి తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణము లభించినందున స్టాపులలో మన తల్లులు, అక్కచెల్లెండ్రు ఎందరో ఎక్కి దిగుచున్నారు. వారి నడుమ సైకిలు దూర్చుట సభ్యత కాదు.

నిజమునకు సైకిలునకును బస్సునకును వైరము కల్పించునది ఆగిన కారే. స్టాపు చోటును కార్లు ఆక్రమించగా బస్సు నడివీధిలో ఆగును. మేము ఆ రెంటి నడుమ నలిగిపోదుము. ఇతరులకు అపాయము, ఆటంకము కలుగునట్లు వాహనమును ఆపరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 122వ సెక్షను చెప్పుచున్నది. చట్టము కలదు, ఆచరణ కావలెను. 2023 అక్టోబరులో నగరపు పడమటి అంచున, ఔటర్ రింగు రోడ్డు వెంట, సౌర ఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరచినారు. సంతోషము. కాని పాలు, పత్రికలు, పుస్తకములు మోయు సైకిళ్ళు తిరుగునది పాత వీధులలోనే గదా!

మోటారు సైకిలు నడుపువానికి లైసెన్సు పరీక్ష కలదు. సైకిలు తొక్కువానికి నేర్పువారే లేరు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినారు. ఈ లెక్క ముందు, మా కళాశాల కమిటీ పెద్దలకు రెండు మనవులు చేయుచున్నాము. ప్రతి విద్యా సంవత్సరారంభమున ఒక్క గంట ఈ పాఠమునకు కేటాయింపుడు. కళాశాల ద్వారమునకు ఇరువైపుల, సభలు జరుగు దినములలో సైతము, అతిథుల కార్లుగాని, పెద్దల కార్లుగాని నిలువకుండ ఏర్పాటు చేయుడు. ఇందులకు ధనము అక్కరలేదు, మనసు చాలును.

సోదర విద్యార్థులారా, ఉర్దూ మాటలాడువారమును, తెలుగు మాటలాడువారమును ఒకే కప్పు క్రింద చదువుకొనుచున్నాము. ఒకరి మాటకు మరియొకరు చోటిచ్చుట మనకు క్రొత్త కాదు. అదే మర్యాదను వీధిలోను పాటించినచో, సైకిలు అమ్మివేసిన ఆ తండ్రి కుమారునికి మరల సైకిలు కొని ఇచ్చు ధైర్యము పొందగలరు.