ఇలకోడి పక్షమున

ఇలకోళ్ళన్నియు పైరునకు శత్రువులే యని మా తమ్ముని మతము. రాత్రివేళ వేరుసెనగ మొలకలను కొరికి బొరియలోనికి ఈడ్చుకొనిపోవు పెద్దజాతిని చూచినవాడు అట్లనుట వింత గాదు. కాని వరిమడిలో వేరొక చిన్నజాతి కలదు. అది ఆకుముడత, కాండము తొలుచు పురుగుల గ్రుడ్లను వెదకి తినును. 1960లో ఫిలిప్పీన్సు దీవులలో స్థాపితమైన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు దీనిని పరీక్షించి చూచిరి. తొందరపడి మందు చల్లితిమా, పురుగుతోపాటు ఈ కాపరియు చచ్చును, కప్పకు కూడు కరువగును. మరల ముందుగా వచ్చునది పురుగే.

"అన్నయ్యా, అప్పిచ్చినవాడు నీ ఇలకోడి మాట వినునా?" అని వాడడిగెను. బడిపంతులు జీతము వానకు తడియదు గదా! తుదకు ఒక్క మడిని మందు లేక విడుచుట కొప్పుకొనెను. నష్టము మేము పూడ్తుమంటిమి. ముడిచిన ఆకు కనబడినప్పుడెల్ల త్రెంపి తెచ్చి మా బల్లపై నుంచుచున్నాడు. కోతలకు ఇంకను నెల యున్నది.