నడుము కొలతతో పాటు అడగవలసినవి

మద్యం తాగనివారిలోనూ, అరుదుగా తాగేవారిలోనూ మధుమేహం, రక్తపోటు, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు వంటి జీవక్రియ లోపాల వల్ల కాలేయ కణాల్లో కొవ్వు చేరడాన్ని జీవక్రియా సంబంధ కాలేయ వ్యాధి అంటారు; జనానికి తెలిసిన పేరు ఫ్యాటీ లివర్. కొందరిలో ఇది వాపుగా, ఆపై ఫైబ్రోసిస్‌గా, అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే దశగా ముదిరి, చివరకు సిరోసిస్‌కు దారితీస్తుంది. భారత ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో దీనిని అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించగా 84 శాతం మందిలో ఈ వ్యాధి కనిపించిందని 2025లో వెలువడిన అధ్యయనం పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది. దానితో ఇది కుర్చీ ఉద్యోగాల జబ్బన్న అభిప్రాయం మరింత బలపడింది. కాని పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూం పల్లెల్లో, అధికశాతం బక్కపలుచని పేదలే ఉన్న జనంలో సైతం 8.7 శాతం మందికి కాలేయ కొవ్వు ఉన్నట్లు 2010లోనే తేలింది.

తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఆ జాతీయ కార్యక్రమం కింద ఆశా కార్యకర్త 30 ఏళ్లు నిండినవారి ఇంటికి వెళ్లి నింపే సీబాక్ పత్రం, అంటే వ్యాధి ముప్పును అంచనా వేసే ప్రశ్నావళి, నడుము కొలతను, పొగాకు, మద్యం అలవాట్లను, చివరకు పొయ్యిలో వాడే వంటచెరకును కూడా అడుగుతుంది గాని, ఆ పొయ్యి మీద ఏమి వండుతున్నారో, రెండు పూటలా వండుతున్నారో లేదో అడగదు. ఈ లోపం చిన్నది కాదు. మిర్చి ఏరే కాలం ముగిసి కూలి దొరకని నెలల్లో తండాలోని మధుమేహ రోగికి రేషన్ కార్డుపై తలకు 6 కిలోల బియ్యం అందుతుంది. పప్పు, కూరగాయలు, గుడ్లు మాత్రం చేతి డబ్బుతో కొనవలసినవే. మధ్యాహ్నం తిండి ఉండదని తెలిసిన మనిషి, కళ్లు తిరుగుతాయన్న భయంతో ఉదయం గ్లిమెపిరైడ్ మాత్ర మానేస్తాడు. ఆ సంగతి అడగని వైద్యుడు పెరిగిన చక్కెరను చూసి మోతాదు పెంచుతాడు. రోగి ఆ మాత్రను ఖాళీ కడుపుతో నిజంగానే వేసుకున్న రోజున చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. పొద్దంతా చేనులో వంగి పనిచేసే మనిషికి రోజూ అరగంట నడవమని చీటీ రాయడం ఇంకొక విచిత్రం.

వయసు, రెండు కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్యతో లెక్కగట్టే ఫిబ్-4 సూచీ 1.3 దాటితే, కాలేయ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ వంటి తదుపరి పరీక్షకు సాధారణంగా వరంగల్ లేదా హైదరాబాద్ పోవలసి ఉంటుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. అయినా స్త్రీ రాలేదంటే అడ్డు పడింది టికెట్ కాదు, పోయే ఆనాటి కూలి. పైగా లివర్ జబ్బంటే తాగుడు జబ్బేనని ఊరు నమ్ముతుంది కనుక, చుక్క ముట్టని స్త్రీ రిపోర్టును ఇంట్లో దాచడం సహజమే.

ఇంట్లో సరుకులు నిండుకుని కొనలేని నెలలు ఉన్నాయా, మందులను పొదుపుగా వాడుతున్నారా, ఆసుపత్రికి వస్తే ఎంత కూలి పోతుంది అన్న ప్రశ్నలను ఓపీ వరుసలో అందరి ముందూ కాక, తండాల్లోనైతే లంబాడీ భాష తెలిసిన కార్యకర్త చేత, విడిగా అడిగించాలి. జవాబు విన్నాక మందు మార్చడం, రేషన్ కార్డు లేనివారికి దరఖాస్తు చేయించడం, పరీక్షలన్నీ ఒకే రోజుకు కుదర్చడం జరగకపోతే ఆ ప్రశ్నలు అవమానంగానే మిగులుతాయి. సీబాక్ పత్రాన్ని మళ్లీ సవరించేటప్పుడు వీటికి చోటు కల్పించాలి. అంతవరకు ఈ మూడు జిల్లాల వైద్యాధికారులు ఓపీ చీటీ వెనుకనైనా ఈ జవాబులను రాయించాలి.